అరుగు మీది గొంగడి

పోయిన నెల మా సూర్యాపేటలో ఒక సమావేశానికి నన్ను పిలిచారు. ఎనభై దాటిన మనిషిని ఎందుకైనా పిలుస్తారు; శాలువా కప్పడానికి ఒక భుజం కావాలి గదా. వెళ్లాక తెలిసింది, ఈసారి సంగతి వేరని. పెద్ద రోడ్డు మీద, హోటళ్ల ముందు, బస్సుల దగ్గర చిన్నపిల్లలు అడుక్కుంటున్నారు, దీనికి ప్రభుత్వం ఏం చేయాలి, ఊరివాళ్లు ఏం చేయాలి అని పెద్దల అభిప్రాయాలు సేకరిస్తున్నారట. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, వాటి వెనకాలే అభిప్రాయాలు వచ్చాయి. మనం వేయడం మానేస్తే వాళ్లే పోతారు అన్నాడొకాయన. ఎక్కడికి పోతారో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు, బిస్కెట్లు బాగున్నాయి. చివరికి ఒక కుర్ర అధికారి లేచాడు. మంచివాడే, కళ్లలో నిజంగానే బాధ ఉంది. "ఒక వ్యాన్ పెడదాం సార్. అందర్నీ ఎక్కించి వేరే జిల్లాలో హోముకు పంపిద్దాం. రెండు రోజుల్లో పట్టణం క్లియర్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. వయసు వల్ల అనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను. ఆ 'రెండు రోజులు' అన్న మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు వ్యాన్ కాదు, లారీ.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయి ఇంకా ఏడాది కాలేదు. స్వాతంత్ర్యం వచ్చిందని పెద్దవాళ్లు చెప్పారు, బడికి సెలవిచ్చారు గనక మేం నమ్మాం. పల్లెలకు మాత్రం ఆ కబురు కొంచెం ఆలస్యంగా అందినట్టుంది. కాలిన ఇళ్లు వదిలి, పంటలు వదిలి జనం రోడ్డు పట్టారు. మా ఊరు హైదరాబాదుకూ బెజవాడకూ మధ్య రోడ్డు మీద ఉండడంతో వాళ్లలో కొందరు ఇక్కడ ఆగారు. కొందరు పిల్లల్ని మాత్రమే ఇక్కడ ఆపి తాము ముందుకు పోయారు. బస్సు ఆగితే చాలు, పది పన్నెండు మంది పిల్లలు సత్తు గిన్నెలు పట్టుకుని కిటికీల కింద నిలబడేవారు. మా ఊరు దయలేని ఊరేం కాదు. శనివారం శనివారం దుకాణాల ముందు దోసిలి నిండా జొన్నలు పోసేవారు. మిగతా ఆరు రోజులూ అదే శ్రద్ధతో తిట్టేవారు.

మా ఇల్లు బస్సులు ఆగే చోటికి నాలుగిళ్ల అవతల. నాయన తాలూకా కచేరిలో గుమాస్తా. ఆయన ఉర్దూ దస్తూరికి తాలూకా అంతటా పేరుండేది. ఎంత చేదు హుకుమైనా నాయన చేతి మీదుగా వెళ్తే చూడముచ్చటగా ఉండేది. అమ్మ నాకు మూడేళ్లప్పుడే పోయింది. ఇంట్లో పెద్దదిక్కు నాయన అక్క, మా అత్తమ్మ. చిన్నతనంలోనే మామయ్య పోతే పుట్టింటికి వచ్చి, వచ్చిన రోజే ఇంటి పెత్తనం తీసుకుందట. కచేరిలో హుకుంలు నాయన రాసేవాడు, ఇంట్లో అత్తమ్మ ఇచ్చేది. ఆమె హుకుంలకు కాగితం అవసరం ఉండేది కాదు. మా ఇంటి ఆస్తి అంటే నాయన తెచ్చుకునే దస్త్రాలు, నా పుస్తకాలు, అత్తమ్మ దండెం మీద ఆరేసే మడి చీరలు. తడిస్తే పాడయ్యేవి తప్ప మా ఇంట్లో వేరే వస్తువులు ఉండేవి కావు. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

బస్సులు ఆగే చోట కోదాడ వైపునుంచి వచ్చిన ఒకాయన టీ హోటలు పెట్టాడు. హోటలు ముందు చూరు దాటి బయటికి వచ్చిన ఒక రాతి అరుగు. దాని మీద ఒక పిల్ల. నాకన్నా ఒకటి రెండేళ్లు పెద్దదేమో. ఒంటి మీద కన్నా భుజాల మీద ఎక్కువ బట్ట ఉండేది, అది గొర్రెల కాపరుల నల్లగొంగడి. మిగతా పిల్లలు బస్సుల వెంట పరుగెత్తేవారు. ఈ పిల్ల అరుగు దిగేది కాదు. బస్సు అరుగు దగ్గర ఆగితే గిన్నె చాపేది, నాలుగడుగులు అవతల ఆగితే పస్తుండేది. ఆ వృత్తిలో ఇలాంటి పట్టింపు పనికిరాదని చూసే ఎవరికైనా తెలుస్తుంది. అత్తమ్మకు కూడా తెలిసింది. ఒక పొద్దున జొన్నరొట్టె పట్టుకుని నన్ను వెంటేసుకుని అక్కడికి వెళ్లింది.

"ఎవరి పిల్లవే నువ్వు? బస్సు ఆడ ఆగితే గీడ కూసుంటవేంది? కాళ్లు నొస్తున్నయా?"

"నొస్తలేవు. మట్టంపల్లి దిక్కు మాది. మా అమ్మ గీడనే కూసోమన్నది."

"ఏడ వొయింది మీ అమ్మ?"

"నల్లగొండ వొయింది. మా నాయన్ను సూడనీకె. ఆడ జేల్ల ఉన్నడంటున్నరు. ఒచ్చేదాంక గీడికెల్లి లేవకు అన్నది."

నాయన్ను ఎవరు పట్టుకుపోయారని అత్తమ్మ అడిగితే, ఊళ్లోకి వచ్చినవాళ్లు అంది. ఆ రెండేళ్లలో మా వైపు పల్లెల్లోకి మూడు రకాల వాళ్లు, రజాకార్లు, మిలిటరీ, కమ్యూనిస్టు దళాలు, వచ్చిపోయారు. ఆ పిల్లకు మూడు రకాలూ ఒకేలా కనిపించాయి, తుపాకులతో. అత్తమ్మ ఇంటికి రమ్మంది. రానంది. అమ్మ ఇక్కడికే వస్తుంది గనక ఇక్కడే ఉండాలంది. అత్తమ్మ మాటకు ఎదురు చెప్పి రొట్టె తినగలిగిన మనిషిని నేను అదే మొదటిసారి చూడడం.

అప్పటినుంచి రోజూ బడి వదలగానే రొట్టె తీసుకుపోయే పని నాది. పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి. చెప్పాలంటే నాకా పిల్ల మీద కొంచెం ఈర్ష్య ఉండేది. తల్లి తిరిగొస్తుందని కూర్చునే వీలు నాకు లేదు గదా. ఒకసారి, ఊరికే కూర్చోకపోతే వెతుక్కుంటూ పోవచ్చుగా అని సలహా ఇచ్చాను. నాకు తెలివి తక్కువని అనుకుందో ఏమో, ఓపిగ్గా చెప్పింది. "గొర్రెపిల్ల మందల తప్పిపోతదనుకో. తల్లి ఏడ సూసుకుంటది? ఆఖరిపారి పాలు తాపిన కాడికి మళ్లొచ్చి సూసుకుంటది. పిల్లను తోల్కపోతే ఆగమైతది. అందుకే తప్పిన పిల్లను ఉన్నకాడనే కట్టేస్తరు, తోలరు. గంత గూడ తెల్వదా నీకు?" తెలియదని ఒప్పుకున్నాను. బడిలో మాకు అక్బరు గురించి చెబుతున్నారు, గొర్రెల దాకా రాలేదు.

వానాకాలం మొదలవుతుండగా హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి ఈ రోడ్డు మీదుగా వస్తున్నాడని కబురొచ్చింది. ఊరి పెద్దమనుషులంతా బట్టల షావుకారు దుకాణంలో చేరి కమిటీ అయ్యారు. కాలవలు తీయించారు, గోడలకు సున్నం కొట్టించారు. ఆ తర్వాత పిల్లల సంగతి వచ్చింది. జొన్నలు పోయడం ఆపుదామని ఒకరు, పని చేయించి పోయాలని ఒకరు, రెండూ ఆలస్యమయ్యే పనులని ఇంకొకరు. లారీ ఉన్నవాడు ఒకడు కమిటీలో ఉండడంతో మార్గం దొరికింది. కోదాడలో సత్రం పెద్దది, అక్కడ పిల్లల్ని బాగా చూసుకుంటారు అని తీర్మానించారు. కోదాడను అడిగినట్టు నాకు గుర్తులేదు. పిల్లల్నయితే అడగలేదు. కచేరి దానికి సరే అంది. ఆ సరే అన్న కాగితం మా నాయన రాశాడు. చాలా బాగా వచ్చిందని పై అధికారి మెచ్చుకున్నాడట, ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాడు. అత్తమ్మ పొయ్యి దగ్గర వింటోంది. రొట్టె కొంచెం మాడింది.

లారీ వచ్చిన పొద్దున మిగతా పిల్లలు ఎగిరి ఎక్కారు. లారీ ఎక్కడం ఎవరికి ఇష్టముండదు. ఈ పిల్ల అరుగు రాయిని రెండు చేతులా పట్టుకుంది. ఇద్దరు బంట్రోతులు లాగుతుంటే నాయన వాళ్లను ఆపి, తనే వంగి మెల్లగా చెప్పాడు. "బిడ్డా, రెండే రెండు దినాలు. పెద్దసారు వొచ్చిపోతడు, నేనే నిన్ను మళ్ల తోల్కొస్త. ఇదే అరుగు మీద కూసోబెడ్త." నాయన అబద్ధమాడలేదు. ఆ మాట అనేటప్పుడు ఆయన నమ్మాడు. పిల్ల ఆయన మొహం వంక కాసేపు చూసి, చేతులు వదిలి, భుజాల మీది గొంగడి తీసి అరుగు మీద పరిచింది. మీద ఒక రాయి పెట్టింది. నన్ను పిలిచింది.

"మా గొంగడి మా అమ్మకు ఎరుకే. గిది గీడుంటే నేను మళ్లొస్తనని కూసుంటది. నువ్వు సూస్తుండు. ఎవ్వరు తియ్యకుంట సూడు."

"సూస్త" అన్నాను.

పెద్ద అధికారి రావడానికి ఒకరోజు ఆలస్యమైంది, వచ్చాక కారు దిగనూ లేదు. గోడల సున్నం మాత్రం చాలా రోజులు బాగుంది. ఇక్కడ కారు దిగని అధికారి తర్వాత కోదాడ పోవాలి గదా. కోదాడకూ పెద్దమనుషులున్నారు, వాళ్లకూ ఒక కమిటీ ఉంది. వాళ్లు ఆలోచించి మిర్యాలగూడెంలో సత్రం ఇంకా పెద్దదని తేల్చి, పిల్లల్ని అటు పంపారు. మిర్యాలగూడెం వాళ్లు సంత పాకలో వాళ్లను నాలుగైదు రోజులు ఉంచి, వాళ్ల కమిటీ కూడా కూర్చుని, ఇంతకూ ఈ పిల్లలు ఎక్కడివాళ్లని విచారించారు. సూర్యాపేట అన్నారెవరో. మూడు ఊళ్లలో ఆ ప్రశ్న వేసింది వాళ్లొక్కరే, అదీ ఎవరి మీదికి తోయాలో తెలుసుకోవడానికి. ఆముదాల బస్తాల లారీ ఒకటి ఇటు వస్తుంటే దాని మీద ఎక్కించారు. అలా మూడు ఊళ్లూ శుభ్రపడ్డాయి.

ఇవన్నీ మాకు తర్వాత తెలిసినవి. అప్పటికి నాకు తెలిసిందల్లా గొంగడి. రెండు రోజులు బుద్ధిగా కాపలా కాశాను. మూడోనాడు బడి వదిలే వేళకు మబ్బు పట్టింది. మా ఇంట్లో మబ్బు పట్టిందంటే ఎవరున్నా లేకున్నా చేతికందింది ఎత్తి లోపలికి తేవడం చిన్నప్పటినుంచి నేర్చిన పని. పెద్ద చినుకులు పడుతున్నాయి. నేను పరుగెత్తి, రాయి పక్కన పెట్టి, గొంగడి చుట్ట చుట్టి, నా చొక్కా తడిసినా దాన్ని తడవనీయకుండా ఇంటికి తెచ్చాను. అత్తమ్మ చూసి, "మంచి పని జేసినవ్ బిడ్డా. పాపం, దానికున్నదే గదొక్కటి" అని నాలుగు మడతలు పెట్టి తన బట్టల సందుగలో దాచింది. వాన వెలిశాక మళ్లీ పరిచి రావచ్చనుకున్నాం. ముసురు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నేను మంచి పని చేసిన తృప్తితో హాయిగా నిద్రపోయాను.

ముసురులోనే, రెండోనాడు, ఆ పిల్ల తల్లి వచ్చింది. మేమెవరం చూడలేదు. నేను బడిలో, నాయన కచేరిలో, అత్తమ్మ పొయ్యి దగ్గర. ఆముదాల లారీ పిల్లల్ని దింపడానికి రెండు రోజుల ముందు, నేను హోటలు దగ్గరికి పోయినప్పుడు హోటలాయన మాటల మధ్యలో చెప్పాడు. "మొన్న ముసురులో ఎవరో ఒకావిడ వచ్చింది బాబూ, తడిసి ముద్దయిపోయింది. అరుగంతా చేతుల్తో తడిమి చూసింది. ఇక్కడ కూర్చునే పిల్లేది అంటే, లారీలో కోదాడ తీసుకెళ్లారమ్మా అన్నాను. నాకేం తెలుసు, నాకు తెలిసింది అదేగా. 'గొంగడి గూడ తీస్కవొయిందా? అట్లయితే ఇగ రాదు' అని, టీ ఇస్తానన్నా ఆగకుండా ఆ వానలోనే కోదాడ రోడ్డున పోయింది."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. సందుగలోంచి గొంగడి లాక్కుపోయి, మళ్లీ అరుగు మీద పరిచి, రాయి పెట్టాను. అప్పుడు ఎండ కాస్తోంది.

పిల్ల లారీ దిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముందు గొంగడి చూసింది, మొహం విప్పారింది. తర్వాత దాని మడతలు చూసింది. గొంగడిని ఎవరూ అలా నాలుగు మూలలు కలిపి మడవరట. "ఎవరు తీసిండ్రు?" అంది. అబద్ధం చెప్పవచ్చు, తొమ్మిదేళ్లకు ఆ విద్య వచ్చే ఉంటుంది. "వాన పడ్డది. తడుస్తదని ఇంట్ల దాచిన" అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. కొట్టినా బాగుండేది. అర్థం కానట్టు చూసి, "గొంగడి వానకే గదా" అంది. వానలో మందను కాసేటప్పుడు కప్పుకునేదే గొంగడి. కాగితాల ఇంట్లో పెరిగినవాడికి తప్ప ఇది తెలియనివాడు ఆ తాలూకాలో ఉండడు. తల్లి వచ్చిపోయిన సంగతి నేను చెప్పలేకపోయాను. అత్తమ్మ చెప్పింది.

నాయన ఉద్యోగంలో చేరాక ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగడు. ఆ మర్నాడు కచేరికి చెప్పకుండా కోదాడ బస్సెక్కాడు. కోదాడలో, అవును వచ్చింది, మిర్యాలగూడెం అని చెప్పాం, పోయింది అన్నారు. మిర్యాలగూడెంలో సంత పాక దగ్గర, ఒకామె వచ్చి పిల్లల్ని అడిగింది, ఆముదాల లారీ ఎక్కారన్నాం, లారీ ఎటు పోయిందంటే మాకేం తెలుసు అన్నారు. త్రిపురారం రోడ్డున నడిచిపోవడం చూశామని ఒక బండివాడు చెప్పాడు. నాయన త్రిపురారం దాకా, ఇంకా అవతల పల్లెల దాకా నడిచాడు. అయిదోనాడు మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చి, కాళ్లు కడుక్కోకుండానే గుమ్మం మీద కూర్చున్నాడు. అత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. "నీ దస్తూరి ఎంత సక్కగుంటే ఏం లాభంరా తమ్మీ" అంది.

అంతటితో అత్తమ్మ ఊరుకోలేదు. మా ఇంటి ఆడవాళ్లు వెళ్లని చోటికి, బట్టల షావుకారు దుకాణానికి వెళ్లి, కమిటీ కూర్చున్న వేళ గడపలో నిలబడింది. "మీరు జొన్నలు పొయ్యకున్రి, సున్నం ఎయ్యకున్రి. పిల్లల్ని ఉన్నకాడికెల్లి కదిలియ్యకున్రి, అంతే. ఏ ఊరు, ఎవరు కూసోబెట్టిండ్రు, ఏమని చెప్పిపోయిండ్రు, గీ మూడు ముక్కలు అడుగున్రి. నోరున్నోళ్లే గదా మీరంత?" కమిటీ ఒప్పుకుంది. దాని వల్ల వాళ్లు చేయాల్సింది ఏమీ లేదు గనక ఒప్పుకోవడం తేలికైంది. కచేరి నుంచి కూడా అభ్యంతరం రాలేదు. అభ్యంతరం రాయాల్సిన మనిషి మా నాయనే. పిల్లలు చెప్పిన ముక్కలన్నీ ఆయన తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి హోటలు గోడకు అంటించాడు. చదువు రానివాళ్ల కోసం హోటలాయన బస్సు బస్సుకూ అరిచి చెప్పేవాడు. బండ్లవాళ్లు, గొర్రెలు తోలుకుపోయేవాళ్లు ఆ కబుర్లు పల్లెలకు మోశారు. వీధిలో ఇంటికొక పూట చొప్పున అరుగు మీదికి తిండి పోయేది. కొన్ని నెలల్లో ఒకడి తాత వచ్చాడు, ఇద్దరు అక్కచెల్లెళ్ల తండ్రి కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చాడు. కొందరికి ఎవరూ రాలేదు. వాళ్లు మా ఊళ్లోనే ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక కొట్టంలో పెరిగి మా ఊరివాళ్లయ్యారు.

గొంగడి పిల్ల రాత్రుళ్లు అత్తమ్మ పక్కన పడుకోవడానికి ఒప్పుకుంది. పగలు మాత్రం అరుగే. ఏడాది తిరిగాక, ఎండలు ముదిరిన రోజుల్లో, మంద తోలుకుపోతున్న ఒకాయన హోటలు దగ్గర ఆగి గొంగడి అంచు చేత్తో పట్టుకుని చూశాడు. "గీ నల్లదారం మా అక్క వడికిందే" అన్నాడు. మేనమామ. కబురు విని వెతుక్కుంటూ వచ్చాడు. అక్క గురించి గానీ బావ గురించి గానీ అతనికి ఏమీ తెలియదు. తనతో రమ్మన్నాడు. పిల్ల రానంది. అప్పుడు అతను అరుగు మీద ఆమె పక్కన కూర్చుని, "తల్లి గొర్రె గూడ రెండు మూడు దినాలు సూస్తది బిడ్డా. ఆ ఎనక మందతోని వోతది" అన్నాడు. పిల్ల ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే. అత్తమ్మ పిల్లకు కొత్త లంగా తొడిగి, జడ వేసి, వాకిట్లోకి వెళ్లకుండా లోపలే ఉండిపోయింది. పిల్ల పోతూ పోతూ గొంగడి అరుగు మీద పరిచి, రాయి పెట్టింది. నా వైపు తిరిగింది.

"వానొచ్చినా తియ్యకు."

తీయలేదు. ఆ వానాకాలమూ, మరుసటి వానాకాలమూ అది తడిసింది, ఆరింది, తడిసింది. ఏమీ కాలేదు దానికి. కాలేజీ చదువుకు హైదరాబాదు పోయేదాకా రోజూ చూసేవాణ్ణి. సెలవులకు వచ్చినప్పుడు దాని మీద ఒక కుక్క పడుకుని ఉండేది, హోటలాయన దాన్నీ లేపేవాడు కాదు. ఒక సెలవులకు వచ్చేసరికి రోడ్డు వెడల్పు చేశారు. హోటలు లేదు, అరుగు లేదు. ఆ పిల్ల కోసం తల్లి మళ్లీ రాలేదు. వచ్చి ఉంటే అత్తమ్మకు తెలిసేది, తాను పోయేదాకా బస్సు దిగిన ప్రతి ఒంటరి ఆడదాన్నీ ఏ ఊరని అడుగుతూనే ఉంది.

సమావేశంలో చప్పట్లు ఆగాక నేను లేచాను. "బాబూ, వ్యాన్ ఎక్కించే ముందు ఒక్కొక్క పిల్లను అడగండి, ఇక్కడ ఎవరు కూర్చోబెట్టారు, ఏమని చెప్పి పోయారు అని" అన్నాను. ఆ కుర్ర అధికారి రాసుకున్నాడు. "అడిగితే రెండు రోజుల్లో కాదేమో సార్, ఆలస్యమైతది" అన్నాడు. "అవును, ఆలస్యమైతది" అన్నాను. అంతకన్నా మంచి అభిప్రాయం నా దగ్గర లేదు. శాలువా కప్పి పంపించారు. బయటికి వచ్చేసరికి మబ్బు పట్టింది. మబ్బు పడితే ఇప్పటికీ మా ఇంట్లో అందరూ దండెం మీది బట్టల కోసం పరుగెత్తుతారు, నేను కుర్చీలోంచి లేవను. బద్ధకమని కోడలు అంటుంది, నేను కాదనను. ఇన్నేళ్లలో కాలం నాకు తెలిసిన ప్రతిదాన్నీ తడిపింది, ఆరబెట్టింది, చివికించింది. ఆ గొంగడిని మాత్రం, అత్తమ్మ సందుగలో ఆ మూడు రోజులూ ఉన్నట్టే, నాలుగు మడతల్లో, పొడిగా, నాకు వదిలేసింది.